వార్త వెళ్ళిపోయాక

2021 మే మూడో వారంలో ఒక రాత్రి పదకొండు దాటాక అన్నయ్య ఫోన్ చేశాడు. కలిగిరి దగ్గర మా ఊళ్ళో పెదనాయనకి జ్వరం మొదలై అప్పటికి ఆరు రోజులు. నేను కనిగిరి వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్సు చెబుతాను. బడి మూసేసి ఉంది, ఇల్లు కదిలే పరిస్థితి లేదు. "ఆయాసం ఎట్టా ఉంది? ఆక్సీమీటర్ పెట్టారా?" అని అడిగాను.

"తొంభై ఒకటి చూపిస్తా ఉంది. నువ్వేం టెన్షన్ పడమాక. నేను కృష్ణపట్నం పోతన్నా. తెల్లారేసరికి లైన్లో ఉండాలంట."

"మందు సంగతి తర్వాత అన్నయ్యా, ముందు నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపో."

"పెద్దాసుపత్రిలో బెడ్లు యాడుండాయమ్మా? టీవీ చూడటం లేదా నువ్వు?"

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. టీవీ నేనూ చూస్తున్నాను. శ్మశానాల దగ్గర బారులు తీరిన అంబులెన్సులు, ఆక్సిజన్ సిలిండరు కోసం కాళ్ళు పట్టుకుంటున్న కొడుకులు. అది అయిపోగానే కృష్ణపట్నం. నాటువైద్యుడు ఆనందయ్య గారు కరోనాకని ఉచితంగా ఇస్తున్న మందు, గంగాళాల్లో కలుపుతున్న ఆకులు, తేనె, మిరియాలు, జాజికాయ. కంట్లో చుక్కలు వేయగానే లేచి కూర్చున్నానని చెబుతున్న ఒక పెద్దాయన. ఒకదాని పక్కన ఒకటి పెట్టి పొద్దున్నించి రాత్రి దాకా ఈ రెండే చూపిస్తే, ఇంట్లో ఆయాసపడుతున్న మనిషి ఉన్నవాడి కాళ్ళు ఎటు పోతాయి? అన్నయ్య డిగ్రీ చదివినవాడే. మూఢనమ్మకాల మనిషి కాడు. ఆస్పత్రికి వెళితే చావు, కృష్ణపట్నం వెళితే బతుకు అన్నట్టు బొమ్మ కట్టి చూపించారు, వాడు దాన్ని నమ్మాడు.

మే 21న జనం వేలల్లో వచ్చారు. తోపులాట జరిగింది, పంపిణీ ఆపేశారు. రేపు మళ్ళీ ఇస్తారని ఒక ఛానెల్లో కింద అక్షరాలు పరిగెత్తుతుంటే అన్నయ్య ఆ రాత్రి అక్కడే రోడ్డు పక్కన బైకు మీద ఒరిగి పడుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నానికి ఉత్త చేతులతో తిరిగొచ్చేసరికి పెదనాయన ఆక్సిజన్ ఎనభై నాలుగు. అప్పుడు తీసుకెళ్ళారు ఆస్పత్రికి. బెడ్డు దొరికింది, అదీ రెండు గంటల్లోనే. పదమూడు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నారు. బతికి ఇంటికొచ్చారు. ఇప్పటికీ మిద్దె మెట్లు మూడు ఎక్కాక ఆగి, గోడకి చెయ్యి ఆనించి, ఊపిరి తీసుకుని నాలుగో మెట్టు ఎక్కుతారు.

ఆ రెండు రోజులు వృథా కాకుండా ఉంటే ఆ నాలుగో మెట్టు ఆగకుండా ఎక్కేవారేమో. ఆ మాట అన్నయ్యతో ఇంతవరకూ అనలేదు. అనను కూడా. వాడి తప్పని నేను అనుకోవడం లేదు.

మే 31న ప్రభుత్వం కంటి చుక్కలు తప్ప మిగతా మందులకి అనుమతి ఇచ్చింది. వాటివల్ల హాని లేదన్నారు. కరోనాని తగ్గిస్తుందనడానికి మాత్రం నిర్ధారణ లేదన్నారు. చుక్కలతో లేచి కూర్చున్నానని చెప్పిన పెద్దాయన ఆస్పత్రిలో చనిపోయారు. "హాని లేదు" అన్నదానికీ "పని చేస్తుంది" అన్నదానికీ మధ్య ఎంత దూరం ఉందో, ఆ దూరం దాటాలంటే ఎంతమంది రోగులకి ఇచ్చి, ఇవ్వనివాళ్ళతో ఎట్లా పోల్చి చూడాలో చెప్పడానికి అంతకంటే మంచి సందర్భం మన తెలుగువాళ్ళకి మళ్ళీ రాదు. దేశమంతా కృష్ణపట్నం వైపు చూస్తోంది. ఛానెళ్ళు ఆ నాలుగు రోజుల తర్వాత ఇంకో నాలుగు రోజులు అక్కడే నిలబడి ఆ సంగతి చెప్పి ఉంటే! కానీ జనం పలచబడ్డారు, కెమెరాలు సర్దుకుని వెళ్ళిపోయాయి.

ఫలితం మా ఊరికి వెళితే ఇవాళ్టికీ కనిపిస్తుంది. రచ్చబండ దగ్గర సగం మంది "ఆ మందుని కంపెనీలే ఆపించేశాయి" అంటారు. సగం మంది "అదంతా ఉత్తదే" అంటారు. రెండు వర్గాలూ 2021 మేలో ఏమనుకున్నారో ఇప్పుడూ అదే అనుకుంటున్నారు, ఎందుకంటే ఆ తర్వాత వాళ్ళ దాకా వచ్చిన కొత్త సంగతి ఒక్కటీ లేదు. ఇందులో పార్టీలు కూడా కలిశాయి. ఎవరు ఏ పార్టీయో తెలిస్తే ఆ మందు గురించి ఏమంటారో ముందే చెప్పొచ్చు.

మీడియా అబద్ధాలు చెప్పి మనల్ని చెడగొడుతోందని అందరూ అంటారు. అబద్ధాలు ఉన్నాయి, కాదనను. కానీ నా బాధ అది కాదు. ఒక విషయం మీద జనాభిప్రాయం ఎట్లా తయారవుతుందన్నది ఆ వార్త ఎంత పెద్ద అక్షరాల్లో వచ్చిందన్న దాన్ని బట్టి ఉండదు. ఎన్నాళ్ళు నిలబడింది, ఎవరి ఇంటిదాకా వెళ్ళింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. నలభై ఏళ్ళు దాటిన నా జీవితంలో ఈ నెల్లూరు, ప్రకాశం జిల్లాల మధ్య తిరుగుతూ నేను చూసింది ఇదే.

ఒక సంగతి గమనించండి. రాజకీయ వార్తని మనం ఊరికే నమ్మం. మన దగ్గర ఏ పేపరు ఏ పార్టీ వైపో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. టీ కొట్టు దగ్గర ఒక పేపరు చదివినాయన రెండోది కూడా తిరగేసి, రెండింటినీ చేటలో వేసి చెరిగి, పొట్టు ఊదేసి, గింజ ఏరుకుంటాడు. వంద మంది వచ్చారని ఒకరు, పదివేలని ఒకరు రాస్తే మధ్యలో ఎక్కడో లెక్క కట్టుకుంటాడు. ఆ నేర్పు మనకి తరాలుగా ఉంది. సైన్సు వార్త దగ్గరికి వచ్చేసరికి అదే మనిషి చేట పక్కన పెట్టేస్తాడు. మందు, గ్రహణం, భూకంపం, సెల్ టవరు, టీకా: వీటి గురించి చెప్పేవాడికి ఏ పార్టీ ఉంటుందిలే అనుకుంటాడు. అక్కడ పార్టీ ఉండకపోవచ్చు, తొందర ఉంటుంది. పక్క ఛానెల్ కంటే ముందు చూపించాలన్న తొందర. ఆ తొందరని చెరిగే చేట మన దగ్గర లేదు.

ఇది ఒక వైపు. ఇదే మీడియా నిలబడితే ఏమవుతుందో కూడా మా ఇంట్లోనే చూశాను.

1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం నడిచింది. నాకు అప్పుడు ఎనిమిదేళ్ళు. రాత్రి అన్నాలయ్యాక అమ్మ, పిన్నమ్మ, ఇంకో పదిమంది రామాలయం అరుగు మీద లాంతరు చుట్టూ కూర్చునేవాళ్ళు. చదువు చెప్పేది మా వీధి ఇంటర్ పిల్లే. వాళ్ళ వాచకంలో ఒక ఊరి ఆడవాళ్ళు ఏకమై సారా కొట్టు మూయించిన కథ ఉంది. మా మండలంలోని దూబగుంటలో ఆ పాఠం చదువుకున్న ఆడవాళ్ళు నిజంగానే లేచి వెళ్ళి సారా ఆపించారు. వాళ్ళకి ముందు నిలిచిన రోశమ్మ గారి పేరు అట్లా రాష్ట్రమంతా తెలిసింది.

మా నాన్నకి సారా అలవాటు. అప్పట్లో సారా ప్యాకెట్లలో వచ్చేది. పంటికింద పెట్టి మూల కొరికి తాగి పారేస్తే, ఆ ప్లాస్టిక్ తిత్తులు మా వీధి కాలవలో తేలుతుండేవి. కూలి డబ్బులు ఇంటికి రాకముందే అయిపోయేవి. ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు.

నాకు బాగా గుర్తున్న రోజు ఒకటుంది. చదువు చెప్పే అమ్మాయి పంతులుగారింటి నుంచి నిన్నటి ఈనాడు తెచ్చింది. సారా మీద పోరాటం గురించి ఆ పేపరు అప్పట్లో రోజూ ఒక పేజీ వేసేది. అమ్మ లాంతరు దగ్గరికి జరిగి, పేపరు చాప మీద పరిచి, అక్షరం కింద వేలు పెట్టి చదవటం మొదలుపెట్టింది. "దూ... బ... గుం..." అక్కడ ఆగింది. వేలు అక్కడే ఉంచి నా వైపు చూసింది. నేను "ట" అన్నాను. "నాకు తెలుసులేవే" అని, మళ్ళీ మొదట్నుంచి చదివింది. ఈసారి ఆగలేదు. చదివి, "పక్కూరేనే ఇది! పేపర్లో ఏసినారు!" అని పిన్నమ్మని పిలిచింది. ఆ పేజీని మడిచి బియ్యం డబ్బా కింద పెట్టుకుంది.

ఆ పేజీ ఒక రోజుతో ఆగిపోయి ఉంటే అమ్మ దాన్ని మడిచి పెట్టుకునేదేమో, అంతటితో అయిపోయేదేమో. అది మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. ఇంకో ఊరు, ఇంకో ఊరు. ఈ జిల్లాలో మొదలైంది చిత్తూరులో, కర్నూలులో చదివారు. తమ ఊళ్ళోనూ అదే బాధ ఉందని వాళ్ళకి తెలుసు. వేరే ఊరివాళ్ళు ఏం చేశారో తెలియడమే కొత్త. 1992లో సారా వేలంపాటలు జరగకుండా ఆడవాళ్ళు అడ్డుకున్నారు. అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి గారు మా జిల్లావారే. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1994 డిసెంబరులో ఎన్టీఆర్ గారు మద్యనిషేధం మీద సంతకం పెట్టి ముఖ్యమంత్రి పదవిలో కూర్చున్నారు. 1980లలో ప్యాకెట్ సారా ఊరూరికీ చేరింది ఆయన ప్రభుత్వం పెట్టిన పద్ధతిలోనే. అంటే ఊళ్ళలోని మాట, పేపర్లోని మాట కలిసి అదే నాయకుడి చేత వెనక్కి అడుగు వేయించాయి.

ఆ పత్రిక తెలుగుదేశం వైపు మొగ్గేదని, అప్పటి ప్రభుత్వం కాంగ్రెస్‌ది కాబట్టే అంత శ్రద్ధ పెట్టిందని విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఉండొచ్చు. నేను ఆ విమర్శని కొట్టిపారేయను. ఉద్యమాన్ని లేపింది పత్రిక అనడం మాత్రం దూబగుంట ఆడవాళ్ళకి అన్యాయం. వాళ్ళు కొట్టు మూయించాకే విలేకరి వచ్చాడు. పత్రిక చేసిన పని, వెళ్ళిపోకుండా ఉండడం. ఆ పని మాత్రం చిన్నదేం కాదు.

1997లో నిషేధం ఎత్తేశారు. అప్పటికి అమ్మ ఎవరి సాయం లేకుండా పేపరు చదివేస్తోంది. ఆ రోజు మా ఇంటికొచ్చిన పేపరు మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా వేలితో వెతికింది. ఖజానా లెక్కలున్నాయి, మంత్రుల మాటలున్నాయి. "మనల్నెవురూ అడగలేదే" అంది.

ఇప్పుడు నేను పనిచేస్తున్న చోటి సంగతి చెబుతాను. ఇది రాయాలని చాలా ఏళ్ళుగా అనుకుంటున్నాను.

పదో తరగతి గ్రూప్ ఫోటో తీసే రోజు ఫోటోగ్రాఫరు "నవ్వండమ్మా" అంటాడు. మా పిల్లలు పెదాలు బిగించి నవ్వుతారు. ఒక్కో అమ్మాయి నవ్వు ఆగకపోతే చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. పళ్ళ మీద గోధుమరంగు చారలు, గారలు, కొందరికి గుంటలు. అది పళ్ళు తోముకోకపోవడం వల్ల వచ్చింది కాదు. నీళ్ళలో ఫ్లోరైడు. చిగురులో పన్ను తయారయ్యే వయసులో, అంటే ఇంచుమించు ఎనిమిదేళ్ళ లోపు ఆ నీళ్ళు తాగితే పింగాణీ పొర దెబ్బతింటుంది. ఆ తర్వాత ఎంత మంచి నీళ్ళు తాగినా ఆ చార పోదు. ఇంకా ఎక్కువ ఏళ్ళు తాగితే ఎముకల్లోకి దిగుతుంది. నడుం వంగుతుంది, మోకాళ్ళు బిగుసుకుంటాయి. లీటరు నీటికి ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా ఓర్చుకోవచ్చు అని మన దేశపు ప్రమాణం. కాచి చల్లార్చితే పోతుందని మా ఊళ్ళలో ఇప్పటికీ నమ్ముతారు. పోదు. నీరు ఆవిరై ఫ్లోరైడు మిగులుతుంది కాబట్టి కాచేకొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది. ఇంత చిన్న మాట, ఇన్ని టీవీలు ఉన్న ఇళ్ళలో, ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు. ఏటా తల్లిదండ్రుల మీటింగులో నేను మొదట చెప్పేది అదే.

ఇది కొత్త జబ్బా? మన దేశంలో ఫ్లోరైడు జబ్బుని మొట్టమొదట గుర్తించింది 1937లో, నెల్లూరు జిల్లాలో. దర్శి, పొదిలి, కనిగిరి అప్పుడు ఆ జిల్లాలోవే. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో కదా. షార్ట్ అనే వైద్యుడు, పండిట్, రాఘవాచారి అనే ఇద్దరితో కలిసి ఆ సంగతి రాశాడు. వాళ్ళకంటే ముందు గమనించింది రైతులు. ఎద్దులు కీళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోవడం చూసి ఇదేదో తేడాగా ఉందే అనుకున్నారు. తర్వాత అదే మనుషుల్లో కనిపించింది. నా పిల్లలకి ఈ కథ చెప్పినప్పుడు వాళ్ళ కళ్ళు పెద్దవవుతాయి. సైన్సు చరిత్రలో మన ఊళ్ళ పేరు ఉందంటే ఎవరికి సంతోషం ఉండదు? మరుక్షణం ఎవరో ఒకరు అడుగుతారు: "మరి అప్పట్నించీ ఇంకా ఎందుకు పోలేదు మేడం?"

ఆ ప్రశ్నకి జవాబులో సగం పైపులైన్లు, నిధులు, రాజకీయాలు. మిగతా సగం వార్తలదేనని నా నమ్మకం.

1989లో ఈనాడు జిల్లాకొక చిన్న పేపరు వేయడం మొదలుపెట్టింది. తర్వాత మిగతావాళ్ళూ అదే దారి పట్టారు. మంచిదే, మన ఊరి పేరు పేపర్లో చూసుకున్నాం, మన బడి పదో తరగతి ఫలితాలు చూసుకున్నాం. కానీ దాంతో ఒక గోడ కూడా లేచింది. కనిగిరి నీళ్ళ కష్టం జిల్లా పేజీల్లోనే వస్తుంది. ఆ పేజీలు చదివేది కనిగిరివాళ్ళు. వాళ్ళకి ఆ సంగతి చెప్పక్కర్లేదు, పొద్దున లేస్తే టిన్ను నీళ్ళ కోసం బండి వేసుకుని బయలుదేరేది వాళ్ళే. తెలియాల్సింది విజయవాడలో, విశాఖలో ఉన్నవాళ్ళకి. వాళ్ళ ఇంటికి ఆ పేజీ పోదు. అమ్మ చదివిన సారా పేజీకీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. అది జిల్లా దాటింది, ఇది దాటలేదు. ఎన్నికలప్పుడు మాత్రం ఎవరో ఒకరు వచ్చి, నడుం వంగిన ముసలాయన్ని ఎండలో నిలబెట్టి ఫోటో తీసుకుని వెళతారు. ఒకే ఊళ్ళో, ఒకే అరుగు దగ్గర, రెండు ఎన్నికల్లో అట్లాంటి ఫోటో తీయడం నేను కళ్ళారా చూశాను. రెండోసారి ఆయన లేడు, ఆయన తమ్ముణ్ణి నిలబెట్టారు.

కృష్ణా నీళ్ళని మా వైపుకి తేవాల్సిన వెలిగొండ ప్రాజెక్టు కూడా ఇంతే. 1996లో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు, 2004లో ఇంకొకరు. 2024 మార్చిలో సొరంగాలని మరొకరు జాతికి అంకితం చేశారు. మూడు సార్లూ మొదటి పేజీ వార్తే. మార్కాపురం, కనిగిరి వైపు రైతుకి కావలసింది ఆ మూడు రోజుల వార్త కాదు. మధ్యలో ఉన్న ఇరవై ఎనిమిదేళ్ళ వార్త. నిర్వాసితులకి ఎంత ఇచ్చారు, కాలవ ఎక్కడిదాకా వచ్చింది, ఏ పని ఎందుకు ఆగింది. రిబ్బను కత్తిరించిన రోజు ఊరంతా ఫోన్లలో చూశారు. రిబ్బనుతో పని పూర్తి కాలేదన్నది చూపించేవాళ్ళు తక్కువ.

షార్ గురించి, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రం గురించి చెప్పకపోతే ఈ మాట పూర్తికాదు, అది మా నెల్లూరువాళ్ళ గర్వం కాబట్టి. సూళ్ళూరుపేట ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయినా సరే.

2023 జులై 14న చంద్రయాన్-3 బయలుదేరిన రోజు నేను సూళ్ళూరుపేటలో మా చెల్లెలి మిద్దె మీద ఉన్నాను. పక్క మిద్దెల నిండా జనం, గొడుగులు. చెల్లెలి కొడుకు చేతిలో ఫోను, అందులో లైవ్. మధ్యాహ్నం రెండు ముప్పై అయిదు. చెట్ల పైన నారింజరంగు వెలుగు లేచింది, దాని కింద తెల్లటి పొగ. అందరూ అరుస్తున్నారు. వాడు మాత్రం ఫోను చూస్తూ "ఇంకా లేవలేదు పెద్దమ్మా, ఇంకా లెక్కపెడుతున్నారు" అంటున్నాడు. వాడి గడ్డం పట్టుకుని తల పైకి తిప్పాను. రాకెట్టు మబ్బుల దాకా పోయాక వాడి ఫోనులో లేచింది. ఆ తర్వాత, అంటే చూసిన నిమిషానికి, చప్పుడు వచ్చింది. లాంచ్ ప్యాడ్ అక్కడికి ఇంచుమించు ఇరవై కిలోమీటర్లు. మొదట కిటికీ తలుపులు వణికాయి, తర్వాత గుండెల్లో మోగింది. మొదట కంటికి, తర్వాత ఫోనుకి, ఆఖర్న ఒంటికి. వెలుగు వేగం, శబ్దం వేగం అని ఏళ్ళ తరబడి బోర్డు మీద రాసి చెప్పాను. ఆ రోజు ఒళ్ళంతా తెలిసింది.

సెలవులయ్యాక బడికి వెళితే ఎనిమిదో తరగతి పిల్లవాడు అడిగాడు: "పోయినసారిది ఎందుకు పడిపోయింది మేడం?" 2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున చంద్రయాన్-2 ల్యాండరు చంద్రుడికి రెండు కిలోమీటర్ల ఎత్తు దాకా సరిగానే దిగి, ఆ తర్వాత సంబంధాలు తెగిపోయిన సంగతి దేశమంతా చూసింది. ఇస్రో ఛైర్మన్ కన్నీళ్ళు, ప్రధాని ఆయన్ని దగ్గరికి తీసుకుని ఓదార్చడం కొన్ని వారాలు చూశాం. అది చూసి నేనూ ఏడ్చాను. కానీ ఎందుకు పడిపోయింది? ఆ పిల్లవాడికి తెలియదు. బడిలో టీచర్ల గదిలో అడిగితే ఎవరికీ తెలియదు.

జవాబు ఉంది. చంద్రయాన్-3 బయలుదేరడానికి కొద్ది రోజుల ముందు అప్పటి ఇస్రో ఛైర్మన్ సోమనాథ్ గారే బహిరంగంగా చెప్పారు. వేగం తగ్గించే అయిదు ఇంజన్లూ అనుకున్న దానికంటే కాస్త ఎక్కువ శక్తినిచ్చాయి. దాంతో చిన్నచిన్న తేడాలు పోగుపడ్డాయి. వాటిని దిద్దుకోవాలంటే ల్యాండరు త్వరగా తిరగాలి, తిరిగే వేగానికి హద్దు పెట్టి ఉంది. పైగా దిగాల్సిన చోటు అయిదు వందల మీటర్ల చదరం మాత్రమే, అక్కడికే చేరాలని తాపత్రయపడి వేగం పెంచుకుంది. అందుకే ఈసారి దిగే చోటుని నాలుగు కిలోమీటర్ల పొడవు, రెండున్నర కిలోమీటర్ల వెడల్పుకి దగ్గరగా పెంచారు. ఏమేం తప్పు జరగొచ్చో ముందే అనుకుని, వాటన్నిటికీ తట్టుకునేట్టు తయారుచేశారు. పిల్లలకి ఇది బోర్డు మీద బొమ్మ గీసి చెబితే గంట కొట్టినా లేవలేదు. ఏడుపు కంటే ఈ కథే వాళ్ళకి నచ్చింది.

అదే షార్ నుంచి 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వి-3 రాకెట్టు మొదటిసారి ఎగిరి బంగాళాఖాతంలో పడిపోయింది. ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం గారు. విలేకరుల ముందుకి మాత్రం ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్ గారు వెళ్ళి బాధ్యత తన మీద వేసుకున్నారు. 1980 జులై 18న విజయవంతమైనప్పుడు కలాం గారిని పంపారు. ఈ కథని మనం నాయకత్వం పాఠంగా చెప్పుకుంటాం. నాకు ఇందులో ఇంకోటి కనిపిస్తుంది. పడిపోయిన రోజు కూడా విలేకరుల ముందుకి వెళ్ళాలి, వాళ్ళు అడగాలి, వీళ్ళు చెప్పాలి అన్న పద్ధతి. సైన్సు నడిచేదే అట్లా. ఎక్కడ తప్పామో చెప్పుకుంటూ. టీవీ మనకి గెలిచిన రోజు చప్పట్లు, ఓడిన రోజు కన్నీళ్ళు చూపించి, మధ్యలో ఉన్న నాలుగేళ్ళ పనిని వదిలేస్తే, జనం సైన్సుని క్రికెట్ మ్యాచ్‌లాగే చూస్తారు. గెలిస్తే మన దేశం గొప్ప అంటారు, ఓడితే డబ్బు దండగ అంటారు. ఆ రెండు మాటలూ వెంటనే రెండు పార్టీల చేతికి పోతాయి.

అందుకే రెండేళ్ళ కింద మా బడిలో ఒక పని మొదలుపెట్టాం. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొన్నాను. అట్ట మీద పిల్లలే "తర్వాత" అని స్కెచ్‌తో రాశారు. సోమవారం ఒకరు ఏదైనా ఒక వార్త అందులో రాస్తారు. పక్క పేజీ ఖాళీగా వదులుతారు. నెల తిరిగాక ఆ పిల్లే ఆ పేజీ తెరిచి, ఏమైందో కనుక్కుని రాయాలి. టీవీలో చెప్పకపోతే మనిషిని అడగాలి. పంచాయతీ సెక్రటరీని, ఏఎన్ఎంని, చుట్టాలని, ఎవరికి తెలిస్తే వాళ్ళని.

2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్ళూరు మండలాల్లో వరసగా మూడు రోజులు భూమి కొద్దిగా కంపించింది. టీవీల్లో ఎక్కడివో కూలిన బిల్డింగుల బొమ్మలు వెనక పెట్టి చూపించారు. తాళ్ళూరులో మేనత్త ఉన్న పిల్లవాడు రాశాడు: "మా అత్త వాళ్ళు వాకిట్లో పడుకున్నారు." నెల తర్వాత పక్క పేజీలో: "అత్త వాళ్ళు ఇంట్లో పడుకుంటున్నారు. ఎందుకు కదిలిందో ఎవరూ చెప్పలేదు." ఆ రోజు పాఠం పక్కన పెట్టి ఒంగోలు భూకంపం గురించి చెప్పాను. 1967 మార్చి 27న 5.4 తీవ్రతతో వచ్చింది, ఇక్కడి నేలలో కదలిక కొత్తేం కాదు. ఫలానా రోజు పెద్దది వస్తుందని తేదీ చెప్పేవాళ్ళు ఎవరైనా సరే వాళ్ళ మాట నమ్మొద్దు, తేదీ చెప్పగల విద్య ప్రపంచంలో ఇంకా ఎవరికీ రాలేదు. పిల్లవాడు ఆ సాయంత్రమే అత్తకి ఫోన్ చేసి చెప్పాడట. ఆమె ఇంకోసారి చెప్పమని స్పీకర్ పెట్టి ఇంట్లో అందరికీ వినిపించిందట.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె పోయిన ఏడాది ఆగస్టులో రాసింది. "మా ఊరి ఆర్వో ప్లాంటు పాడైంది. పది రోజుల్లో బాగుచేస్తామని పేపర్లో వేశారు." నెల తర్వాత పక్క పేజీలో: "బాగుచేయలేదు. ఫిల్టరు రావాలంట." అక్టోబరులో, పేజీ నిండిపోతే అంచున నిలువుగా: "ఫిల్టరు వచ్చింది. మోటారు కాలిపోయింది." ఈ మధ్యలో ఆ అమ్మాయి మూడు సార్లు పంచాయతీ ఆఫీసుకి వెళ్ళింది. మూడోసారి తన తరగతి పిల్లలు నలుగురిని వెంటపెట్టుకుని వెళ్ళింది. సెక్రటరీ గారు నాకు ఫోన్ చేసి, "మీ పిల్లలు నోట్‌బుక్ తెచ్చి తేదీ అడుగుతున్నారు మేడం" అన్నారు. "చెప్పండి సార్, రాసుకుంటారు" అన్నాను.

ఈ ఏడాది ఆ అమ్మాయి పదో తరగతి. మొన్న సోమవారం నోట్‌బుక్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. ఆర్వో ప్లాంటు పేజీలో ఇంక చోటు లేదు. కొత్త కాగితం చించి జిగురుతో అంటించబోతోంది.

"దీనికి ఎన్ని పేజీలు అతికించమంటారు మేడం?"

నాలుగు అతికించమన్నాను.